పదకొండు పేజీల జవాబు

వకాలత్ మానేశాక నా దగ్గరికి కేసులు రావు గానీ, కొత్తగా లా పాసైన పిల్లలు వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మేడమ్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదైనా చెప్పండి" అంటారు. గెలిచినవి చెప్పడానికి నాకూ సరదాగానే ఉంటుంది. పనికొచ్చేది చెప్పమంటే మాత్రం, నన్ను గది లోపలికే రానివ్వని ఒక కేసు చెబుతాను. విచారణ జరిగిన రోజంతా నేను చేసిన వాదన ఒక్కటే. అది కూడా కాలేజీ వాచ్‌మన్‌తో, బీడీలు చుట్టే తునికాకు గురించి.

పేర్లు చెప్పను. కాలేజీ ఏదని గానీ, ఏ సంవత్సరమని గానీ అడగొద్దు. ఇలాంటి విచారణల్లో ఎవరి పేరూ బయటికి రాకూడదని చట్టమే అంటుంది. చట్టం అనకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. అందులో ఉన్నవాళ్లలో సగంమంది ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర నాకు ఎదురుపడతారు.

మాది షోలాపూర్. మా తాత మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చి కొంతం చౌక్ దగ్గర ఒక గదిలో దిగాడట. మా నాన్న చద్దర్లు నేశాడు. నేను మరాఠీ బడిలో చదువుకుని వకీలునయ్యాను. పేదవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం చేసే పానెల్‌లో నా పేరుండేది. కోర్టు దగ్గర ఇంకో వకీలుతో కలిసి ఒక చాంబర్, నీలం నగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక టేబుల్, ఇవీ నా ఆఫీసులు. చివరి కొన్నేళ్లలో ఆ టేబుల్ ముందుకు కాలేజీ పిల్లలు ఎక్కువగా రావడం మొదలైంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించడానికి ప్రతి కాలేజీలో ఒక కమిటీ ఉంటుంది కదా, ఆ కమిటీకి ఎలా రాయాలో తెలియక వచ్చే ఆడపిల్లలు కొందరు. కమిటీ నోటీసు అందుకుని, జవాబు ఎలా ఇవ్వాలో తెలియక వచ్చే మగపిల్లలు కొందరు. రెండు రకాలవాళ్లకూ దారి చెప్పేదాన్ని. ఒకే కేసులో ఇద్దరికీ కాదనుకోండి.

ఒక రోజు పొద్దున్నే ఒక తల్లీ కొడుకూ వచ్చారు. ఆమెను నేను ఎరుగుదును. ఇదివరకు మా వెనక గల్లీలోనే ఉండేవాళ్లు. బీడీలు చేస్తుంది. భర్త పవర్‌లూమ్ మీద టవల్స్ నేస్తాడు. కుంభారిలో కార్మికుల కాలనీ కట్టాక వాళ్లకు అక్కడ ఇల్లు వచ్చింది, అప్పట్నుంచి బస్సులో వచ్చిపోతున్నారు. కొడుకు కాలేజీలో రెండో సంవత్సరం. ఆ ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటివాడు వాడే.

"వకీలమ్మా, మావోని మీద కాలేజ్‌ల తక్రార్ వడ్డది," అంది ఆమె, చేతిలో నాలుగు మడతలు పెట్టిన నోటీసు ఇస్తూ. "ఏం జెయ్యలేదంటుండు. నువ్వు జర సూడు."

చూశాను. కాలేజీలో ఏటా జరిగే గ్యాదరింగ్‌లో వీడి క్లాసు అమ్మాయి ఒకామె స్టేజీ మీద డాన్స్ చేసింది. ఆ ఫోటో తీసింది ఈ కుర్రాడు. ఆ రోజు ఫోటోలు తీసే పని వీడికే అప్పజెప్పారు. తర్వాత ఆ ఫోటోలోంచి ఆమె ఒక్కదాన్నే కత్తిరించి, కింద ఒక రోత మాట రాసి, మగపిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. అది గ్రూపు దాటి కాలేజీ అంతా తిరిగి ఆఖరికి ఆమె కళ్లబడింది. ఫోటో తీసింది ఇతనే కాబట్టి ఈ పనంతా ఇతనే చేశాడని ఆమె ఫిర్యాదు. జవాబు ఇవ్వడానికి పది రోజుల గడువు.

"ఆ మాట రాసింది నువ్వేనా?" అని అడిగాను.

"కాదు మేడమ్."

"ఫోటో కత్తిరించింది?"

"నేను గాదు."

"అయితే సరే," అన్నాను.

దాదాపు నలభై ఏళ్లు కోర్టులో తిరిగిన వకీలు అడిగిన ప్రశ్నలు ఆ రెండే. మూడోది అడిగితే వచ్చే జవాబు నాకు నచ్చదేమోనన్న జంకు. మా వృత్తిలో ఆ జంకునే తెలివి అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అయితే కొన్ని మాటలు ఆ రోజు సరిగ్గానే చెప్పాను. ఫోన్‌లో ఏదీ చెరపొద్దని చెప్పాను. అప్పటికే ఒక స్నేహితుడు "మొత్తం డిలీట్ కొట్టు" అని సలహా ఇచ్చి ఉన్నాడు. ఆ అమ్మాయికి ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, ఎవరి చేతా కబురు పంపొద్దని చెప్పాను. సాయంత్రం వాడి తండ్రి మగ్గాల చప్పుడు మధ్య నుంచి ఫోన్ చేసి, "వాళ్లింటికి పోయి కాళ్లు మొక్కుతనమ్మా, కొట్లాట ఎందుకు?" అన్నాడు. పెద్దమనిషి నిజంగానే మొక్కేవాడు. కానీ ఇంటికొచ్చి కాళ్లు మొక్కినా అది ఆ పిల్ల మీద ఒత్తిడే అవుతుంది, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నట్టే అవుతుంది. ఆ మాట ఆయనకు అర్థమయ్యేదాకా మూడుసార్లు అరిచి చెప్పాను. మూడోసారికి మగ్గాలు ఆగాయి.

ఇక జవాబు రాయడానికి కూర్చున్నాను. మరాఠీలో రాశాను. ఎంత బాగా వచ్చిందో ఏం చెప్పను! పదకొండు పేజీలు. ఫిర్యాదులో ఆధారం లేదన్నాను. ఊహ మీద ఒక పేద విద్యార్థి భవిష్యత్తును బలి చేయరాదన్నాను. ఫిర్యాదు చేయడానికి అన్ని వారాలు ఎందుకు ఆగిందని నిలదీశాను. చట్టం ఇచ్చిన మూడు నెలల గడువులోపే చేసిందని నాకు తెలుసు, అయినా నిలదీశాను. ఏడో పేరా మరీ ముచ్చటగా కుదిరింది. స్వయంగా వేదిక మీద, అందరి దృష్టిని ఆకర్షించే వేషంలో నృత్యం చేసిన వ్యక్తి, తన చిత్రాన్ని నలుగురూ చూశారని ఆక్షేపించడం విడ్డూరంగా ఉందని రాశాను.

చాంబర్‌లో నా స్నేహితుడు చదివి తొడ మీద చరుచుకున్నాడు. "ఇది చదివితే కమిటీకి చెమటలు పడతాయి" అన్నాడు. నేను వినయంగా నవ్వాను.

కోర్టు గేటు పక్కన కూర్చునే మా టైపిస్టు మరాఠీ ముసలాయన. నా కాగితాలన్నీ ఆయనే కొట్టేవాడు. ఆయన వేళ్లు ఎప్పుడూ ఆగవు, కళ్లు అక్షరాల మీద తప్ప అర్థం మీద ఉండవని మేమంతా అనుకునేవాళ్లం. ఆ రోజు ఏడో పేరా దగ్గర వేళ్లు ఆగాయి.

"మేడమ్, ఈ పేరా అవసరమా?"

"ఎందుకు, తప్పుందా?"

"వ్యాకరణం చక్కగా ఉంది," అన్నాడు మరాఠీలో, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "మా మనవరాలు కూడా మొన్న గ్యాదరింగ్‌లో డాన్స్ చేసింది. నేను ముందు వరసలో కూర్చుని చూశాను."

"మీ మనవరాలి గురించి కాదు కదా ఇది. కొట్టండి," అన్నాను.

కొట్టాడు. ఆయన పని ఆయన చేశాడు. నా పని మాత్రం ఇంకా మొదలే కాలేదని నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

జవాబు మీద కుర్రాడి సంతకం కావాలి. తల్లీ కొడుకూ మళ్లీ మా ఇంటికి వచ్చారు. వాడు పెన్ను అందుకోబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగురా. సంతకం తర్వాత. ఏం రాసినవో చదువు వకీలమ్మా. నాకు మరాఠీ చదువ రాదు. మన మాటల్ల చెప్పు."

చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం మరాఠీలో చూసుకుని మా ఇంటి తెలుగులో చెబుతున్నాను. మొదటి పేజీలన్నీ సాఫీగా సాగాయి. ఆమె తలూపుతూ వింటోంది. ఏడో పేరా వచ్చింది.

"అందరు సూడాలెనని ఆ పిల్ల స్టేజీ ఎక్కి ఎగిరినంక..." అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. మా అమ్మ మాట్లాడిన మాటల్లో, బీడీలు చుట్టే మనిషి ఎదురుగా కూర్చుని ఆ సంగతి చెప్పడం నా వల్ల కాలేదు. మరాఠీలో అంత నున్నగా ఉన్న వాక్యం తెలుగులోకి దిగేసరికి ఒట్టి తిట్టులా ఉంది. "అంటే... ఫోటో నలుగురు సూసుడు మామూలే అని" అని ఏదో నసిగి పేజీ తిప్పబోయాను.

"ఆగు," అంది ఆమె. "ఆ పిల్ల ఏం జేసిందో మస్తు రాసినవ్. మావోడు ఏం జేసిండో ఏడ రాసినవ్?"

"ఆ మాట మీవోడు రాయలేదని రాసిన గదా. ఫోటో కోయలేదని గూడ రాసిన."

"గవి సెయ్యనియి. సేసింది ఏంది?"

నేను కుర్రాడి వైపు చూశాను. వాడు పెన్ను వైపు చూస్తున్నాడు.

"ఫోన్ తియ్యి," అంది తల్లి. "ఆ గ్రూప్‌ల ఏం మాట్లాడుకున్నరో మొదటికెల్లి సదువు. తెలుగుల సదువు."

వాడు ఫోన్ తీశాడు. చెరపొద్దని చెప్పిన పుణ్యాన అంతా అలాగే ఉంది. ఫలానావాడు కోసిన ఫోటో పెట్టాడు అన్నాడు. కింద రాసిన మాట దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, ఇది మంచి మాట గాదే."

"నీ ఫోన్ల సదువుకున్నప్పుడు మంచిగనే ఉండె గదా. సదువు."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఎవరెవరు నవ్వే బొమ్మలు పెట్టారో చెప్పాడు. ఒకడు రెండు, ఒకడు నాలుగు.

"నువ్వు?"

"...ఏడు."

"ఇంక?"

ఇంకా ఉంది. వాడు దాన్ని హాస్టల్ పిల్లల గ్రూపులోకి పంపాడు. అక్కణ్ణుంచే అది కాలేజీ అంతా పాకింది. అంటే, రాసింది వాడు కాదు, కత్తిరించింది వాడు కాదు, కానీ ఆ గుంపులోంచి బయటికి మోసుకెళ్లింది వాడే. పదకొండు పేజీల్లో ఎక్కడా లేని సంగతి అది. నేను అడగని మూడో ప్రశ్నకు జవాబు అది.

కొడతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎందుకు నవ్వినవ్ రా?"

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్లవాడు, మీసాలు వచ్చినవాడు, మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడితో పాటు నాకూ తల వంచుకోవాలనిపించింది. వాడు ఏడు బొమ్మలు పెట్టాడు, నేను ఒక పేరా పెట్టాను. నాది వ్యాకరణం తప్పు లేకుండా ఉంది, అంతే తేడా.

"ఉన్నది ఉన్నట్టు రాయి వకీలమ్మా," అంది ఆమె.

అప్పుడు నేను వకీలుగా చెప్పాల్సింది చెప్పాను. ఒప్పుకుంటే శిక్ష పడుతుంది. కొన్నాళ్లు కాలేజీకి రావొద్దనొచ్చు, ఒక సంవత్సరం పోవచ్చు, పేరే కొట్టేయొచ్చు. ఆ అమ్మాయి పోలీసుల దగ్గరికి వెళ్తే ఈ జవాబు అక్కడా బయటికి రావచ్చు. ఒప్పుకోకపోతే? ఫోటో పంపిన సంగతి ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటుంది. అది తేలినరోజు అబద్ధం కూడా తోడవుతుంది. తేలకపోనూ వచ్చు. ఇవన్నీ దాచకుండా చెప్పి, తల్లి వైపు కాకుండా వాడి వైపు తిరిగాను.

"సంతకం నీది. మీ అమ్మది గాదు, నాది గాదు. నువ్వే తేల్చుకో."

వాడు లేచి వాకిట్లోకి వెళ్లాడు. మేమిద్దరం లోపల చాయ్ తాగాం. ఆమె చాయ్‌లో చక్కెర తక్కువైందంది, నేను ఇంకో చెంచా వేశాను. అరగంటకు వాడు నోటుబుక్కులోంచి చింపిన కాగితంతో వచ్చాడు. వంకర గీతల మరాఠీ. ఫోటో నేను తీశాను. కోయకముందు పూర్తి ఫోటో గ్రూపులో పెట్టింది నేనే. కోసింది, రాసింది నేను కాదు, ఎవరో ఈ స్క్రీన్‌షాట్లలో ఉంది. నేను నవ్వాను. నేను ఇంకో గ్రూపుకి పంపాను. పంపకుండా ఉండాల్సింది. మొత్తం ఇంతే.

దానికి తేదీలూ స్క్రీన్‌షాట్ల వరస నంబర్లూ చేర్చాను. ఒకటిన్నర పేజీ అయింది. టైపిస్టుకిస్తే చూసి, "మిగతాది?" అన్నాడు. "మిగతాది లేదు" అన్నాను. ఆయన ఎన్నడూ లేనిది ఒక కామా తనంతట తానే పెట్టి, "ఇక్కడ ఉంటే బాగుంటుంది మేడమ్" అన్నాడు. చాంబర్ స్నేహితుడు మాత్రం చదివి తల పట్టుకున్నాడు. "నీ క్లయింట్ మెడకు నువ్వే ఉరి తగిలించావు. రిటైరయ్యే ముందు ఇదేం సరదా?" అన్నాడు. ఆయన తిట్టినదాంట్లో తప్పేం లేదు. నాకూ లోపల గుబులుగానే ఉంది.

విచారణ రోజు వచ్చింది. ఆ కమిటీల ముందుకు వకీళ్లు వెళ్లకూడదని నియమం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అలవాటు కొద్దీ నల్లకోటు తొడుక్కుని వెళ్లాను. తలుపు దగ్గర నిలబడ్డ ప్యూన్ నా కోటును చూసి కంగారుపడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "బెంచీ దాకే వస్తున్నా బాబూ" అని చెప్పి, కుర్రాణ్ణి లోపలికి పంపి, వరండాలో బెంచీ మీద తల్లి పక్కన కూర్చున్నాను.

ఆమె సంచీలోంచి తడిగుడ్డలో చుట్టిన తునికాకు కట్ట తీసింది. కత్తెర తీసింది. ఆకు ఒళ్లో పెట్టుకుని కొలతకు కత్తిరించడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు కాలేదు, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"మౌశీ, కాలేజీలో తంబాకూ నడవదు. బోర్డు చూడలేదా?"

"తంబాకు ఏడుంది? ఇంట్ల పెట్టొచ్చిన. ఇది ఆకు."

"బీడీ ఆకే కదా?"

అప్పుడు లేచాను నేను. లోపల నోరు విప్పే వీలు లేక గిలగిల్లాడుతున్నదాన్ని, నాకు ఒక కేసు దొరికింది. నిషేధం పొగాకు మీద అన్నాను. ఇది చెట్టు ఆకు అన్నాను. పొగాకు చేరేదాకా దీనికీ విస్తరాకుకూ చట్టం దృష్టిలో తేడా లేదన్నాను. ఆకునే నిషేధిస్తే ఆ ఎదురుగా ఉన్న వేపచెట్టును ముందు అరెస్టు చేయాలన్నాను. వాచ్‌మన్ కొంతసేపు ఆలోచించి, "మరి కత్తెర?" అన్నాడు. దర్జీ దగ్గర కూడా ఉంటుందన్నాను. ఆయన ఓడిపోయినట్టు ముఖం పెట్టి, "స్తంభం వెనక కూర్చోండి, ప్రిన్సిపాల్ సాబ్ చూస్తే నా మీదికి వస్తుంది" అని వెళ్లిపోయాడు. విజయగర్వంతో కూర్చున్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక కత్తెర పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత కాలం కదలలేదు. నాలుగుసార్లు లేచి తలుపు దాకా వెళ్లొచ్చాను. ఏం అడుగుతున్నారో, ఏం చెబుతున్నాడో. అక్కడ నేను ఉంటే ఫలానా ప్రశ్నకు అభ్యంతరం చెప్పేదాన్ని కదా అనుకుంటూ తిరుగుతున్నాను.

"కూసో వకీలమ్మా," అంది ఆమె ఆకు మీంచి తల ఎత్తకుండా. "నీ పని అయిపాయె. ఇగ వానిది."

లోపల జరిగింది తర్వాత వాడు చెప్పాడు, కమిటీ నివేదికలోనూ చదివాను. ఆ అమ్మాయిని వాడి ఎదుట కూర్చోబెట్టలేదు. పక్క గదిలోంచి తన ప్రశ్నలు కాగితం మీద రాసి పంపింది. కమిటీ అధ్యక్షురాలు, ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పే పెద్దావిడ, వాటిని ఒక్కొక్కటీ చదివింది.

ఫోటో ఇంకో గ్రూపుకి పంపేటప్పుడు నేను ఒక్కసారైనా గుర్తొచ్చానా అన్నది మొదటిది. లేదు, ఫోటోనే చూశాను, మనిషి గుర్తుకు రాలేదు అన్నాడు వాడు.

ఎందుకు నవ్వావు అన్నది రెండోది. తల్లి అడిగిందే మళ్లీ. దీనికి జవాబు నేను వాడికి నేర్పి పంపాను. స్నేహితుల ప్రభావం, అనాలోచితం, ఇంకా ఏవో పెద్ద మాటలు. వాడు అవన్నీ మరిచిపోయాడో, పక్కన పెట్టాడో గానీ, "నేను నవ్వకపోతే వాళ్లు నన్ను చూసి నవ్వుతారని భయమేసింది" అన్నాడట. నేను నేర్పినదానికంటే అది వెయ్యి రెట్లు మేలు.

మూడోది ప్రశ్న కాదు. "ఆ ఫోటోలో మేం ఐదుగురం ఉన్నాం. నలుగురిని కోసేశారు. డాన్స్‌కు రెండు నెలలు కష్టపడ్డాం. మాకు పూర్తి ఫోటో కావాలి. కోసిన ఫోటో ఎవరి ఫోన్‌లోనూ ఉండకూడదు." అధ్యక్షురాలు ఆ కాగితం చదివి కళ్లద్దాల మీంచి వాణ్ణి చూసిందట. పూర్తి ఫోటో ఉందా అని అడిగింది. ఉందన్నాడు. అక్కడికక్కడే కమిటీకి పంపించాడు. ఆధారంగా ఒక ప్రతి దాచుకున్నాక, మిగతావన్నీ అందరి ఫోన్లలోంచీ తీయించారు.

ఆ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ మూడో కాగితం చదివినప్పుడు నా ఏడో పేరా గుర్తొచ్చి, అది కమిటీ దాకా వెళ్లనందుకు ఆ బీడీల తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కుర్రాడు బయటికొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఖరే జెప్పినవా, నిజం?" అంది తల్లి.

"చెప్పిన."

"మొత్తం?"

"మొత్తం చెప్పిన. నీళ్లు రెండుసార్లు అడిగిన."

"నీళ్లు అడిగితే తప్పు లేదు," అని ఆకులు కట్టేసి సంచీలోంచి డబ్బా తీసింది. జొన్నరొట్టెలు, పల్లీలతో చేసిన శేంగా చట్నీ. ముగ్గురం ఆ స్తంభం వెనకే కూర్చుని తిన్నాం. చట్నీ ఎంత కారమంటే నా కళ్లలో నీళ్లొచ్చాయి. చట్నీ వల్లే అని ఆమెకు చెప్పాను.

కొన్ని వారాలకు నిర్ణయం వచ్చింది. ఫోటో కోసి, రాసినవాణ్ణి ఒక టర్మ్ పాటు కాలేజీకి రావొద్దన్నారు. మావాడికి ఏడాది పాటు గ్యాదరింగ్‌లోనూ ఆటల్లోనూ పాల్గొనే వీలు లేదు. కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. ఆ టర్మ్ అంతా శనివారాలు కాలేజీ లైబ్రరీలో పని చేయాలి. క్షమాపణ రాసి కమిటీకి ఇవ్వాలి, ఆ అమ్మాయి కావాలంటేనే ఆమెకు అందజేస్తారు. మళ్లీ ఇలాంటిది జరిగితే పేరు కొట్టేస్తారు. అడగకముందే ఉన్నది చెప్పినందువల్ల ఇంతటితో సరిపెడుతున్నామని ఒక వాక్యం రాశారు. చాంబర్ స్నేహితుడు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "బతికిపోయాడు" అన్నాడు. కాసేపాగి, "ఆ ఒకటిన్నర పేజీ కాపీ ఒకటి ఇవ్వు, చూసుకోవడానికి" అన్నాడు. పేర్లుంటాయి, ఇవ్వనన్నాను.

ఆ అమ్మాయికి ఈ నిర్ణయం చాలిందో లేదో నాకు తెలియదు. కనుక్కునే హక్కు నాకు లేదు. మీరు ఇలాంటి పనిలోకి వస్తే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మన దగ్గరికి వచ్చినవాడి కథ చివరిదాకా మనకు తెలుస్తుంది, అవతలి మనిషి కథ సగమే తెలుస్తుంది. ఆ తెలియని సగం మీద పేరాలు రాయకూడదు. ఆ తర్వాత మిగిలిన కొన్నాళ్లలో నేను ఏ జవాబు రాసినా, టైపుకి ఇచ్చే ముందు ఇంట్లో గట్టిగా తెలుగులో చదువుకునేదాన్ని. చదవడానికి సిగ్గేసిన చోట కొట్టేసేదాన్ని. నా కాగితాలు బాగా సన్నబడ్డాయి.

నిర్ణయం కాపీ తీసుకోవడానికి తల్లీ కొడుకూ ఆఖరిసారి మా ఇంటికి వచ్చారు. వాడి ముఖంలో వెలుగొచ్చింది. సంవత్సరం పోలేదు, పేరు పోలేదు. శనివారాలు పోయాయి, పోతే పోయాయి. మొత్తం తెలుగులో చదివి చెప్పాను. ఆమె ప్రతిదానికీ తలూపుతూ వింది. చివర, అలవాటుగా, నియమం ప్రకారం చెప్పాల్సిన మాట కూడా చెప్పాను.

"ఈ ఫైస్లా నచ్చకపోతే ముప్పై రోజుల్ల అప్పీల్ చేసుకోవచ్చు."

"ఎవలైనా చేసుకోవచ్చునా?"

"ఆ పిల్ల చేసుకోవచ్చు, మీరూ చేసుకోవచ్చు."

ఆమె కొంచెం ఆలోచించింది. కొడుకు వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వైపు వంగి, చాలా మర్యాదగా అడిగింది.

"అయితే వకీలమ్మా, వీనికి శిక్ష తక్కువైందని మనం అప్పీల్‌కు పోవచ్చునా?"

అన్నేళ్ల వకాలత్‌లో ఏ క్లయింటూ నన్ను ఆ మాట అడగలేదు. నిజంగానే సందేహం వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, అల్మారాలోంచి నియమాల పుస్తకం తీసి, పేజీలు తిప్పడం మొదలుపెట్టాను.

కుర్రాడు చటుక్కున లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

"అమ్మా, లెవ్వే. కుంభారి బస్ పోతుంది."

బస్సుకింకా ముప్పావుగంట ఉంది.